గేటుకు నోటీసు అంటించాక: భూమి మన స్వాధీనంలో ఉందని రుజువు చేయడం ఎలా?

క్లుప్తంగా: పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ లాంటి సంస్థతో భూమి తగాదా వస్తే కోర్టు ఒక్క కాగితాన్ని పట్టుకుని తేల్చదు. ఏళ్ల తరబడి తెగకుండా సాగిన అనుభవం ఉందా అని చూస్తుంది. దాన్ని చూపే కాగితాలు తగాదా పుట్టకముందే, తగాదాతో సంబంధం లేని చేతుల్లో తయారై ఉండాలి. వాదన హక్కు మీదా, స్థిర స్వాధీనం మీదా, దీర్ఘకాల స్వాధీనంతో వచ్చిన హక్కు మీదా అన్నది ముందే తేల్చుకోకపోతే ఉన్న ఆధారాలే ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఒక ఉదయం గేటుకు కాగితం అంటించి ఉంటుంది. ఈ స్థలం స్థానిక సంస్థకు చెందినది, ఆక్రమణ తొలగించాలి, లేదంటే మేమే తొలగిస్తాం అని దాని సారాంశం. ఇంట్లోవాళ్లు టెన్షన్‌తో ట్రంకుపెట్టె తెరుస్తారు. తాతగారి పేరిట పాత స్టాంపు కాగితం, రబ్బరు బ్యాండు చుట్టిన ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు బయటికి వస్తాయి. ఇన్ని ఉండగా మనల్ని ఎవరేం చేస్తారన్న ధీమాతో లాయరు దగ్గరికి వెళతారు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్నే చాలామందిని తికమక పెడుతుంది: ఇవన్నీ దేనికి రుజువు, భూమి మీదే అనడానికా, భూమి మీద మీరున్నారనడానికా?

హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల్లోని ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పాటయ్యాక, ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో భూముల రీసర్వే మొదలయ్యాక ఈ ప్రశ్న ఎక్కువ ఇళ్ల దాకా వచ్చింది.

హక్కు వేరు, స్వాధీనం వేరు

తెలంగాణ పాత పహాణీల్లో, అంటే ఏటేటా రాసే సాగు రికార్డుల్లో 'కబ్జా' అంటే స్వాధీనం, అంతే. కబ్జాదారు అంటే భూమిని అనుభవిస్తున్న మనిషి. వాడుకలో ఆ మాటకు తర్వాత ఆక్రమణ అన్న అర్థం స్థిరపడింది. చట్టం మాత్రం ఇప్పటికీ స్వాధీనాన్ని తప్పుగా చూడదు. పైపెచ్చు కొంత గౌరవం కూడా ఇస్తుంది. భూమి మీద ఉన్న మనిషి యజమాని కాదని ఎవరైనా అంటే, ఆ మాట రుజువు చేయాల్సిన భారం అన్నవాళ్ల మీదే ఉంటుందని 1872 నాటి సాక్ష్య చట్టం 110వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఈ సూత్రం కొనసాగుతోంది.

అయితే స్వాధీనంలో ఉండటం, చట్టబద్ధంగా స్వాధీనంలో ఉండటం ఒకటి కాదు. కౌలుకు తీసుకున్నవాళ్లు, కాపలాకు పెట్టినవాళ్లు ఎన్నేళ్లున్నా వాళ్ల స్వాధీనం యజమాని తరఫునే లెక్క. పనివాళ్లకు, కేర్‌టేకర్లకు ఎంతకాలం గడిచినా హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో గోవా కేసులో స్పష్టం చేసింది. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి కొన్నవాళ్ల చేతిలో ఉన్నా, 1977 నాటి బదలాయింపుల నిషేధ చట్టం సాధారణంగా ఆ కొనుగోలునే గుర్తించదు. అందువల్ల ఎంతకాలంగా ఉన్నారన్నది తెలుసుకునే ముందు, ఏ రకంగా లోపలికి వచ్చారన్నది చెప్పగలగాలి.

హబ్సిగూడ కేసు చెప్పింది

ఈ తేడా తెలుగువాళ్లకు బాగా అర్థమయ్యే చోటు హైదరాబాద్‌లోని హబ్సిగూడ. అక్కడి భూమిని నిజాం ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం సేకరించింది. అందులో కొన్ని ప్లాట్లు వేరే వ్యక్తి చేతిలో ఉన్నాయంటూ విశ్వవిద్యాలయం 1956లో స్వాధీనం కోరుతూ దావా వేసింది. 1959లో ఆ దావాను కోర్టు కొట్టేసింది. దావాకు ముందు 12 ఏళ్ల లోపు ఆ భూమి తమ స్వాధీనంలో ఉందని విశ్వవిద్యాలయం చూపలేకపోవడం ప్రధాన కారణం. 1964లో హైకోర్టులో అప్పీలూ పోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కోర్టులో ఓడిన విశ్వవిద్యాలయం అదే ఏడాది ప్రభుత్వానికి లేఖ రాసింది. తహసీల్దార్ 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఖాళీ చేయాలని ఉత్తర్వు ఇచ్చారు. దావాతో పని లేకుండా, నోటీసు ఇచ్చి తొలగించే పొట్టిదారి అది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982లో కోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఇలాంటి కేసులకు ఆధారం. భూమి ఎవరిదన్న దానిపై నిజాయితీగా పుట్టిన వివాదం ఉన్నప్పుడు ప్రభుత్వం తనకు తానే తీర్పు చెప్పుకుని, దాని బలంతో మనిషిని పంపించేయడానికి వీల్లేదు. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లి తేల్చుకోవాలి. ఎన్నేళ్లుగా ఉన్నారన్నది ఒక్కటే ఇక్కడ కొలమానం కాదనీ, అసలైన హక్కు వివాదం ఉందా లేదా అన్నదే చూడాలనీ కోర్టు చెప్పింది.

కాబట్టి నోటీసు అందుకున్న మనిషి మొదటి మెట్టులోనే యాజమాన్యం మొత్తం రుజువు చేయనక్కర్లేదు. తన వాదన గాలిలోంచి పుట్టింది కాదని, పరిశీలించాల్సినంత ఆధారం దాని వెనుక ఉందని చూపగలిగితే పొట్టిదారి మూసుకుంటుంది. నోటీసుకు ఇచ్చే జవాబును ఈ దృష్టితో రాయాలి.

మూడు వాదనల్లో ఏది?

భూమి మాదే అనేది మొదటి వాదన. రిజిస్టరు దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల జాబితా), పట్టా దీనికి ఆధారాలు. ఇక్కడ స్వాధీనం హక్కుకు తోడుగా నిలుస్తుంది. ఖాళీ ప్లాటు విషయంలో ఇదే పెద్ద అండ. కంచె లేదు, గది లేదు, మొక్క లేదు. అలాంటి చోట స్వాధీనం హక్కు ఉన్నవాడి వెంటే ఉంటుందని కోర్టులు భావిస్తాయి. వరంగల్ స్థలాల మీద వచ్చిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచింది. హక్కు మీద నీడ పడినప్పుడు ఒట్టి ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దన్న కోర్టు ఉత్తర్వు) దావా సరిపోదు, హక్కు ప్రకటించమని కూడా కోరాలి. స్వాధీనం ఇప్పటికే పోయి ఉంటే, తిరిగి అప్పగించమని అడగాలి. సర్కారు రికార్డులో పోరంబోకు అని రాసి ఉన్న స్థలం మీద ఇంజంక్షన్ ఒక్కటే అడిగి, ఏళ్లు గడిచాక ఓడిపోయేవాళ్లు ఈ నియమం దగ్గరే దెబ్బతింటారు.

రెండోది స్థిర స్వాధీనం. హక్కు ఎవరిదన్నది పక్కన పెట్టి, నేను ఇక్కడ చాలాకాలంగా, దాపరికం లేకుండా ఉన్నాను, చట్టం చెప్పిన దారి తప్ప మరో దారిలో నన్ను పంపించకూడదు అనే వాదన. నిన్న రాత్రి రేకులు వేసి పొద్దున్నే స్వాధీనం అంటే చెల్లదు. అసలు యజమానికి తెలిసి, లేదా తెలిసే అవకాశం ఉండి, కొంతకాలం నిలదొక్కుకున్న అనుభవం కావాలి. సాగుభూమి అయితే పంట వేశారా అన్నది గుర్తు. 1975లోనూ 2004లోనూ సుప్రీంకోర్టు ఈ కొలతలే చెప్పింది. ఈ వాదనతో వచ్చే రక్షణ తాత్కాలికమే. బలవంతంగా తీసేయకుండా ఆపుతుంది తప్ప, యజమానిని చేయదు.

మూడోది ప్రతికూల స్వాధీనం. భూమి వాళ్లదే, కానీ నేను బాహాటంగా, వాళ్ల హక్కును కాదంటూ గడువు దాటి అనుభవించాను, కాబట్టి వాళ్ల హక్కు పోయింది అనడం. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు భూమికి ఈ గడువు 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. స్థానిక సంస్థల దగ్గర ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని గమనించరు. 30 ఏళ్ల గడువు 112వ అధికరణ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. స్థానిక సంస్థలకైతే 111వ అధికరణ కింద వీధి, రోడ్డు విషయంలో ఉంది. అంటే పంచాయతీ స్థలం అన్నంత మాత్రాన 30 ఏళ్లు వర్తించదు. అది వీధా, ప్రభుత్వ భూమా, సంస్థ సొంతంగా కొన్న ఆస్తా అన్నది తేలాలి.

మొదటి వాదనను, మూడో వాదనను కలిపి వినిపించడమే తరచూ జరిగే పొరపాటు. మా తాత కొన్న భూమి అని ఒక పేరాలో, ప్రభుత్వ భూమిని 40 ఏళ్లుగా అనుభవిస్తున్నాం అని మరో పేరాలో రాస్తే, రెండోది ఒప్పుకోలుగా మారి మొదటిదాన్ని తినేస్తుంది.

ఏ కాగితానికి ఎంత బరువు

ఇంటి పన్ను రసీదును చాలామంది అతిగా నమ్ముతారు. పన్ను కట్టడం వల్ల యాజమాన్యం రాదు. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు కూడా పన్ను ఎవరు కట్టాలో చెప్పే నమోదే తప్ప హక్కు పత్రం కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అలాగని రసీదు పనికిరాదని కాదు. దాని విలువ వేరే చోట ఉంది. 1994లో ఒక రసీదు, 2001లో మరొకటి, 2009లో ఇంకొకటి ఒకే ఇంటి నంబరు మీద, ఒకే కుటుంబం పేరిట వస్తే, అన్నేళ్లూ అక్కడ ఇల్లు ఉందని, ఆ కుటుంబమే ఉందని ఆ సంస్థే రాసిచ్చినట్టు. ఇప్పుడు ఆక్రమణ అంటున్న సంస్థ చేతి రాతే అది. గత నెలలో బకాయిలన్నీ ఒకేసారి కట్టి తెచ్చిన పది రసీదులకు ఆ బలం ఉండదు. జడ్జి ముందుగా చూసేది రసీదు మీద ఉన్న చెల్లింపు తేదీని.

కరెంటు బిల్లుదీ ఇదే కథ. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం యజమానికే కాదు, అక్కడ ఉంటున్నవాళ్లకు కూడా సరఫరా ఇవ్వాలి. అందుకని బిల్లు నివాసాన్ని చెబుతుంది, హక్కును చెప్పదు. సర్వీసు కనెక్షన్ మొదట ఇచ్చిన తేదీ మాత్రం చాలా విలువైనది. దాన్ని విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవచ్చు.

పొలానికి పహాణీ, అడంగల్ వెన్నెముక లాంటివి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ నుంచి, ఆంధ్రలో పాత సర్వే రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్ నుంచి మొదలుపెట్టి ఏటేటా నకళ్లు తీసుకుంటే గొలుసు తయారవుతుంది. ఒక పాత పహాణీ నకలును దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. పట్టాదారు గడిలో ఒక పేరు, పక్కన అనుభవదారు గడిలో మరో పేరు, కింది వరుసల్లో అదే పేరుకు సూచనగా రెండు చిన్న గీతలు, ఆ పక్కన పంట పేరు, విస్తీర్ణం. పదిహేనేళ్ల పాటు అవే గీతలు కొనసాగి, ఒక ఏడాది హఠాత్తుగా వేరే ఇంకుతో పేరు మారిందంటే, ఏ ఉత్తర్వుతో మారిందన్న ప్రశ్న వస్తుంది. ఉత్తర్వు నంబరు లేని మార్పు ఏ పక్షానికీ గట్టి ఆధారం కాదు. ధరణి పోర్టల్ వచ్చాక తెలంగాణ రికార్డులో అనుభవదారు గడి లేకుండా పోయింది కాబట్టి, 2020కి ముందటి పహాణీల నకళ్లు అక్కడ మరింత కీలకం. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చినా ఆ పాత నకళ్ల అవసరం తీరిపోలేదు. రైతుబంధు డబ్బు పడిందన్నది స్వాధీనానికి రుజువు కాదు. సాగు చేసినా చేయకపోయినా అది పట్టాదారుకే వెళ్లింది.

30 ఏళ్లు దాటిన దస్తావేజు సరైన చోట భద్రంగా ఉండి బయటికి వస్తే, దాని మీది సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. అందులో రాసిన విషయమంతా నిజమని మాత్రం అనుకోదు. పాత సాదాబైనామా (రిజిస్టరు కాని, తెల్లకాగితం మీది అమ్మకపు ఒప్పందం) చేతిలో ఉన్నవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఉపగ్రహ చిత్రాలు ఈమధ్య బలమైన సాక్ష్యంగా మారాయి. ఏ ఏడాదికి ప్రహరీ ఉంది, ఎప్పటికి ఇంటి పైకప్పు కనబడుతోంది అన్నది గూగుల్ ఎర్త్ పాత చిత్రాల్లో, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) చిత్రాల్లో చూడొచ్చు. ఫోన్ స్క్రీన్‌షాట్‌గా కోర్టుకిస్తే చాలదు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. ఇవి రెండు వైపులా పదునున్నవి. 30 ఏళ్లుగా ఇల్లుందన్నవాళ్ల స్థలం 2012 చిత్రంలో ఖాళీగా కనబడితే వాదన అక్కడితో ముగుస్తుంది.

మనుషుల సాక్ష్యాన్నీ తక్కువ చేయకూడదు. పక్క పొలం రైతు, పాత గ్రామ సేవకుడు, బావి తవ్విన మేస్త్రీ లాంటివాళ్లు హద్దుల గురించి చెప్పే మాట కాగితాల మధ్య ఖాళీలను పూరిస్తుంది. కోర్టులో వాళ్లు తడబడేది ఎక్కువగా హద్దుల దగ్గరే. తూర్పున ఏముంది, పడమట ఏముంది అంటే దస్తావేజులో ఉన్నట్టే చెప్పగలగాలి.

గ్రామకంఠం చిక్కు

పైన చెప్పిన కాగితాలేవీ దొరకని చోటు గ్రామకంఠం. పాత సర్వేల్లో ఊరి నివాస స్థలమంతటికీ ఒకే సర్వే నంబరు ఇచ్చి, ఇంటింటికీ సబ్ డివిజన్ చేయకుండా వదిలేశారు. అందుకే తరతరాలుగా ఉన్న ఇంటికీ పట్టా ఉండదు. రికార్డులో వ్యక్తి పేరు లేదు కాబట్టి ఇది పంచాయతీదే అన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాల్లోకీ ఇలాంటి స్థలాలు చేరాయి. గ్రామకంఠంలో మనుషులు ఇళ్లు కట్టుకుని అనుభవిస్తున్న స్థలం ఆ పేరు వల్లనే ప్రభుత్వ భూమి అయిపోదని హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. ఖాళీగా, ఉమ్మడిగా వాడుకుంటున్న భాగం సంగతి వేరు.

ఇక్కడ ఇంటి నంబరు కేటాయింపు, పంచాయతీ డిమాండ్ రిజిస్టర్, పాత ఓటర్ల జాబితా, ఇంటి మరమ్మతుకు తీసుకున్న అనుమతి లాంటి చిన్న కాగితాలే దిక్కు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వమిత్వ పథకం డ్రోన్లతో ఊరి ఇళ్లను కొలుస్తోంది. ఆ పటాన్ని ప్రదర్శించినప్పుడే హద్దు చూసుకుని, తప్పుంటే అభ్యంతరం రాసివ్వడం మేలు.

అవతల ప్రభుత్వ సంస్థ ఉంటే

పక్కింటివాళ్లతో తగాదాకు, పంచాయతీతో తగాదాకు రుజువు స్థాయిలో తేడా ఉంది. ఎవరిదీ కాని భూమి ప్రభుత్వానిదే అన్న భావన నుంచి కోర్టు మొదలుపెడుతుంది. వేల ఎకరాలను రోజూ కాపలా కాయడం అధికారులకు సాధ్యం కాదు, కింది స్థాయిలో కుమ్మక్కై రికార్డులు మార్చే ప్రమాదమూ ఉంది. ఈ కారణాలతోనే ప్రభుత్వం మీద హక్కు కోరేవాళ్లు మరింత గట్టి ఆధారం చూపాలని, కొద్దికాలపు నమోదులు చాలవని 2010లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాదే, అంటే 2011లో, చెరువు లాంటి ఊరుమ్మడి ఆస్తి మీద ఎన్నేళ్లున్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా అది క్రమబద్ధీకరణకు కారణం కాదని పంజాబ్ కేసులో చెప్పింది. లేఅవుట్లలో పార్కుకు, ఖాళీ స్థలానికి వదిలిన భాగమూ అలాంటిదే. ఈ కఠినత్వం న్యాయమైనదే. ఊరి చెరువు తరఫున సాక్ష్యం చెప్పడానికి ఎవరూ రారు.

అయితే సంస్థ కూడా తన ఆధారం చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, బండిబాటలు, తోపులు లాంటి కొన్ని పోరంబోకులను పంచాయతీకి దఖలు పరిచింది. తగాదా స్థలం వాటిలో దేని కిందికి వస్తుంది, ఏ రికార్డు ఆ మాట చెబుతోంది అని అడగడం పౌరుడి హక్కు. లేఅవుట్ ఖాళీ స్థలం అంటే మంజూరైన ప్లాను, గిఫ్టు డీడు చూపించాలి. రికార్డులో పేరు మార్చుకోవడం భూమిని సంపాదించడం కాదు. కోల్‌కతాలో కార్పొరేషన్ ఒక ప్రైవేటు స్థలం యజమాని పేరు తన రికార్డుల్లోంచి తీసేసి తన పేరు రాసుకుంది. 2024 మేలో సుప్రీంకోర్టు కార్పొరేషన్ అప్పీలును కొట్టేసి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. నోటీసు, విచారణ, కారణాలతో కూడిన ఉత్తర్వు లాంటివన్నీ ఆస్తి హక్కును కాపాడే రాజ్యాంగం 300ఎ అధికరణలో భాగమేనని చెప్పింది.

నోటీసు వచ్చాక

నోటీసులో ముందు చూడాల్సింది ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది. భూమి ఆక్రమణ అంటున్నారా, అనుమతి లేని కట్టడం అంటున్నారా? రెండోదైతే స్వాధీనం ఎంత బలంగా ఉన్నా జవాబు కాదు, ప్లాను కావాలి. కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. అందుకే చాలా కేసుల్లో అసలు పోరు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు ఎక్కడన్న దాని మీదే నడుస్తుంది.

జవాబును గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అదే రోజు సమాచార హక్కు కింద సర్వే స్కెచ్, తీర్మానం నకలు, రిజిస్టర్ పేజీ అడగాలి. హైకోర్టులో రిట్ వేస్తే సాధారణంగా దొరికేది చట్టప్రకారం నడుచుకోవాలన్న ఉత్తర్వు. ఎవరి స్వాధీనంలో ఉందన్న వాస్తవ వివాదాన్ని రిట్‌లో తేల్చరు. దానికి సివిల్ దావా కావాలి. ప్రభుత్వాన్ని, అధికారిని ప్రతివాదిగా చేర్చితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయొచ్చు.

దావా పడ్డాక కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌గా ఒక లాయరును నియమిస్తే, వారు సర్వేయర్‌తో కలిసి స్థలానికి వస్తారు. స్వాధీనం ఎవరిదో తేల్చడం వారి పని కాదు. అక్కడున్నది ఉన్నట్టు రాయడమే పని: ప్రహరీ ఎత్తు, చెట్టు మొదలు చుట్టుకొలత, గోడ పాతదా కొత్తదా, హద్దు రాయి ఎక్కడుంది. ఆ రోజు రెండు పక్షాలూ అక్కడ ఉండి, కొలత టేపు ఏ రాయి దగ్గర మొదలైందో చూసుకోవాలి. సర్వే నంబరు హద్దు రాయి నుంచి కాకుండా రోడ్డు అంచు నుంచి కొలిస్తే, రోడ్డు వెడల్పు అయినంత మేర స్కెచ్ మొత్తం జరిగిపోతుంది. అభ్యంతరం ఉంటే అక్కడికక్కడే మెమో రాసి కమిషనర్ చేతికి ఇవ్వాలి.